కొలంబో నుంచి నెల్లూరుకి, 2022 జూలై

శ్రీలంక ఆర్థిక సంక్షోభం మీద మర్నాడు పెద్ద నిరసన ఉందని, 2022 జూలై 8 రాత్రి 9కి కొలంబోలో కర్ఫ్యూ పెట్టారు. నా మద్రాసు విమానం అర్ధరాత్రి దాటాక, అయినా సాయంత్రం 6కే కటునాయక విమానాశ్రయానికి బయల్దేరాను. అసలు చిక్కు పోలీసులతో కాదు, పెట్రోలుతో. జూన్ 27 నుంచి అత్యవసర సర్వీసులకే పోస్తున్నారు. విమానాశ్రయం ఊరికి ముప్పై కిలోమీటర్ల పైనే. ట్యాక్సీ దొరికితే చాలదు, అందులో రానూ పోనూ సరిపడా పెట్రోలుండాలి. ముందురోజే మాట్లాడుకుని, పెట్రోలు ముల్లు ఎక్కడుందో చూశాకే సరే అన్నాను. బంకుల ముందు ఆటోలవాళ్లు ఇంజిన్ ఆపేసి, బండిని చేత్తో నెట్టుకుంటూ లైన్లో ఒక్కో అడుగూ జరుగుతున్నారు.

అప్పటి ధర లీటరు 470 శ్రీలంక రూపాయలు. మన డబ్బులోకి మారిస్తే నూరు పైచిలుకు, అంటే నెల్లూరు బంకులోకన్నా తక్కువే! నెల్లూరులో ఈ లెక్క చెప్పి 'ఇదేం సంక్షోభం' అన్నవాళ్లున్నారు. అక్కడివాళ్లకి జీతం మన రూపాయల్లో రాదు కదా. డాలరు ఆ మార్చి మొదట్లో రెండొందల చిల్లర లంక రూపాయలు, జూలైకి 360.

ఆ రోజుల్లో మన దేశానికి వచ్చేవాళ్లు ఎయిర్ సువిధ అనే ఆన్‌లైన్ కోవిడ్ ఫారం నింపాల్సి ఉండేది. పాస్‌పోర్టు, టీకా సర్టిఫికెట్ అప్‌లోడ్ చెయ్యాల్సి వచ్చేది. ఇది కరెంటు ఉన్నప్పుడే చేసుకోవాలి, కోత మొదలైతే లాడ్జిలో వైఫై కూడా పోతుంది. మిగిలిన లంక రూపాయల్ని అక్కడే మార్చేసుకోవడం మేలు, నెల్లూరులో అవి తీసుకునేవాళ్లు దొరకరు.

విమానం గంటన్నర లోపే. మద్రాసులో దిగాక మెట్రోలో నేరుగా సెంట్రల్ చేరొచ్చు. ఉదయం విజయవాడ జనశతాబ్ది ఉంది, మంగళవారం తప్ప. బస్సు కావాలంటే మాధవరం వెళ్లాలి. ఆంధ్రా బస్సులకని కోయంబేడు పోయి తిరిగొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంటికొచ్చి స్నానం చేసి అన్నానికి కూర్చునే వేళకి టీవీలో కొలంబో అధ్యక్ష భవనం నిండా నిరసన జనం. 'ఏం నాయనా, నిన్న నువ్వున్న ఊరేనా ఇది?' అంది పక్కింటి పెద్దమ్మ.

అక్కణ్ణించి వారం పైగా ఫోను వదల్లేదు. మన టైమూ వాళ్ల టైమూ ఒకటే కాబట్టి గంటలు మార్చుకునే పని లేదు. వాట్సాప్ వీడియోల్లో తగలబడుతున్న బస్సు కనిపిస్తే ముందు తేదీ అడగాలి, మే 9న కూడా బస్సులు తగలబెట్టారు. నమ్మదగ్గవి రెండే: పార్లమెంటు స్పీకర్ ప్రకటన, ప్రభుత్వ ప్రత్యేక గెజిట్. అధ్యక్షుడు గొటబాయ రాజపక్స 13 తెల్లవారుజామున మాల్దీవులకు వెళ్లిపోయాడు. అంతటితో పదవి ఖాళీ కాలేదు. సింగపూరు నుంచి పంపిన రాజీనామాని స్పీకర్ 15న ప్రకటించాకే లెక్క. మిగిలిన కాలానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది పార్లమెంటే. 20న అప్పటి ప్రధాని రణిల్ విక్రమసింఘేకి 134 ఓట్లు, పోటీచేసిన ఎంపీలు డల్లస్ అలహప్పెరుమకి 82, అనుర కుమార దిసనాయకకి 3.

జనం సంగతి తెలియాలంటే మాత్రం ఆ ఓట్లకన్నా పెట్రోలు కోటా చూడాలి. బండికింతని క్యూఆర్ కోడ్ చూసి పెట్రోలు పోసే పద్ధతి మొదలైనప్పుడు వారానికి కారుకి 20 లీటర్లు, ఆటోకి 5, బైకుకి 4. నన్ను కటునాయకలో దించిన కారు ఒక్కసారి పోయి వస్తే ఆ 20లో పావు వంతు అయిపోతుంది.