ఓపెన్‌ఏఐ దావా: విరాళం ఇచ్చాక అడిగే హక్కు ఎవరిది?

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ ధర్మసంస్థగా పుట్టి లాభాల బాట పట్టిందంటూ, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎలాన్ మస్క్ దావా వేశారు. ఆయనకీ సంస్థ అధిపతి శామ్ ఆల్ట్‌మన్‌కీ మధ్య కొట్లాటగా చూస్తే ఈ కేసు మంచి కాలక్షేపమే. అసలు పేచీ వేరు. ధర్మానికని ఇచ్చిన సొమ్ము దారి మళ్లిందనుకుంటే కోర్టు మెట్లెక్కే హక్కు ఎవరికుంది?

2015 డిసెంబరులో ఓపెన్‌ఏఐ డెలావేర్‌లో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. ఎవరి సొంత లాభానికీ కాదని నమోదు పత్రంలోనే రాసుకున్నారు. మస్క్ ఇచ్చిన దాదాపు 3.8 కోట్ల డాలర్లు విరాళమే తప్ప వాటా కాదు. గుడికి మాన్యం రాసిచ్చాక పంటలో పాలు అడగలేం కదా! కాలిఫోర్నియాలో ఇలాంటి ఆస్తికి కాపలా అటార్నీ జనరల్, అంటే రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి. మామూలుగా దాతకు దావా వేసే అర్హత ఉండదు. బోర్డు సభ్యులకు ఉంటుంది గానీ, మస్క్ 2018 ఫిబ్రవరిలోనే బోర్డు నుంచి తప్పుకున్నారు.

అందుకే ఆయన లాయర్లు ట్రస్టు దారి పట్టారు. ఫలానా పనికేనని షరతు పెట్టి ఇచ్చాం, షరతు తప్పారు అన్నది వాదన. చిక్కేమిటంటే, ఆ షరతును సంతకాలతో రాసుకున్న పత్రం లేదు. ఉన్నవి ఈమెయిళ్లు. ఒకరు తన ఉద్దేశం చెబుతారు, అవతలివాళ్లు ఉత్సాహంగా జవాబిస్తారు. అది ఒప్పుకోలా, మర్యాదా? 2025 మార్చి 4న ఓక్లాండ్ ఫెడరల్ కోర్టు జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ ఈ అంశం అటూ ఇటూ సమానంగా ఉందంటూ, ఓపెన్‌ఏఐ లాభాల కంపెనీగా మారడాన్ని ఆపే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. విచారణ త్వరగా పెడతానన్నారు. దీనికి తోడు కాలపరిమితి గొడవ: లాభాల విభాగం బాహాటంగా పుట్టింది 2019లో, మొదటి దావా పడింది 2024లో.

ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఆ 2019 ఏర్పాటులోనే ఉంది. తొలి పెట్టుబడిదారులకు రాబడి వంద రెట్ల దగ్గర ఆగాలి. పది లక్షల డాలర్లు పెట్టినవారికి గరిష్ఠంగా 10 కోట్లు. ఆపైన ఎంత మిగిలినా ధర్మసంస్థదే. 2025 అక్టోబరు 28న ఆ పరిమితి పోయింది. కంపెనీ పబ్లిక్ బెనిఫిట్ కార్పొరేషన్ అయింది, అంటే లాభంతో పాటు ప్రజాహితమూ చూడాల్సిన కంపెనీ. అందులో ఫౌండేషన్‌గా పేరు మారిన ధర్మసంస్థకు సుమారు 26 శాతం, పెట్టుబడిదారైన మైక్రోసాఫ్ట్‌కు సుమారు 27 శాతం వాటా దక్కాయి. 15 ఏళ్ల తర్వాత షేరు ధర పది రెట్లు దాటితే ఫౌండేషన్‌కు మరికొన్ని షేర్లు వస్తాయి. "మిగిలిందంతా" అన్న హక్కుకు ఇది సరైన ధరేనా అన్నది లెక్కల ప్రశ్న. దానికి ఈమెయిళ్లలో జవాబు దొరకదు.

2025 ఫిబ్రవరిలో మస్క్ బృందం 9,740 కోట్ల డాలర్లకు ధర్మసంస్థ ఆస్తులు కొంటామన్నది ఇక్కడే గుచ్చుకుంది. బోర్డు కాదంది. అయినా బయటివాడొకడు అంకె చెప్పాక, అంతకంటే తక్కువకు కట్టబెట్టడం కష్టం. కాలిఫోర్నియాకు ఇది కొత్త కాదు. 1996లో లాభాపేక్ష లేని ఆరోగ్య బీమా సంస్థ బ్లూ క్రాస్ లాభాల కంపెనీగా మారినప్పుడు 300 కోట్ల డాలర్లకు పైగా ఆస్తి రెండు ఆరోగ్య ఫౌండేషన్లకు వెళ్లింది.

కొత్త కంపెనీ డైరెక్టర్లను నియమించేదీ తొలగించేదీ ఫౌండేషనే. ఈ షరతులు చూశాకే డెలావేర్, కాలిఫోర్నియా అటార్నీ జనరళ్లు అడ్డు చెప్పలేదు. అయితే మార్పు నాటికి రెండు బోర్డుల్లోనూ ఉన్నవి దాదాపు అవే పేర్లు.