ఎందుకైనా మంచిదని పెట్టినవే బరువు

ఎల్లుండి తెల్లవారుజామున బయల్దేరాలి. నాలుగు రోజుల కొండ పరుగు, రాత్రిళ్ళు దారిలో వచ్చే హట్లలో (కొండల్లో బస ఇచ్చే చిన్న ఇళ్ళు) పడక, కాబట్టి టెంటు, స్టవ్వు మోయక్కర్లేదు. మంచం మీద సామానంతా పరిచి, వంటింట్లో పిండి తూచే కాటా తెచ్చుకుని ఒక్కోటీ తూస్తున్నాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు, నవ్వనీ.

మొదటిసారి ఇలాంటి ట్రిప్‌కి వెళ్ళినప్పుడు బ్యాగు ఏడున్నర కిలోలు, అదీ నీళ్ళు కాకుండా. నడిచేవాళ్ళకి అదేం పెద్ద బరువు కాదు. కానీ పరిగెత్తేటప్పుడు అడుగడుక్కీ అది వీపు మీద ఎగిరి పడుతుంది, మనం కిందికి దిగేలోపు అది పైకి లేస్తుంది, ఇక దిగుడు బాటలో అయితే వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టే ఉంటుంది. రెండో రోజు మధ్యాహ్నానికి భుజం ఎముక మీద చర్మం లేచిపోయింది, స్నానం చేస్తే కెవ్వుమనే పరిస్థితి. తిరిగొచ్చాక బ్యాగు విప్పి చూస్తే సగం వస్తువులు అసలు ముట్టుకోనేలేదు. రెండో ప్యాంటు, మూడో టీషర్టు, పెద్ద టవలు, ఒక పుస్తకం (నాలుగు పేజీలు కూడా చదవలేదు). అన్నీ "ఎందుకైనా మంచిది" అని పెట్టినవే.

దాంతో బుద్ధొచ్చి తర్వాతిసారి రెండో వైపుకి పోయాను. మూడు కిలోలకి దించాను, గొప్పగా ఫీలయ్యాను కూడా. వెచ్చటి జాకెట్ తీసేశాను, ఎందుకంటే పరిగెత్తుతుంటే చలెక్కడేస్తుంది? వెయ్యదు, నిజమే. మూడో రోజు తడి రాయి మీద చీలమండ బెణికేదాకా వెయ్యలేదు. ఆ తర్వాత మిగిలిన ఆరు కిలోమీటర్లు కుంటుకుంటూ రెండున్నర గంటలకు పైనే పట్టింది. ఒంటి మీద చెమటకి తడిసిన టీషర్టు, దాని మీద పల్చటి వాన జాకెట్, ఎదురుగాలి. వెయ్యి మీటర్లు పైకెళ్తే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని పుస్తకాల్లో చదివిందే, వేళ్ళు కొంకర్లు పోయి జిప్పు లాగలేకపోయినప్పుడు మాత్రం అది ఇంకోలా అర్థమైంది.

అప్పట్నుంచి నా లెక్క ఒకటే. ఒంటి మీద బట్టలు పరుగుకి, బ్యాగులోవి ఆగిపోయినప్పటికి. ఆల్ప్స్‌లో మాంట్ బ్లాంక్ కొండ చుట్టూ దాదాపు 170 కిలోమీటర్లు ఉండే యూటీఎంబీ రేసులో తప్పనిసరి సామాను జాబితా చూడండి: టోపీ ఉన్న వాన జాకెట్, హెడ్‌ల్యాంప్, ఈల, కనీసం ఒక లీటరు నీళ్ళు పట్టే సీసాలు, కప్పుకునే రేకు దుప్పటి. గడియారంతో పోటీపడేవాళ్ళతో మోయించే వీటిలో వేగం పెంచేది ఒక్కటీ లేదు. రేకు దుప్పటి అరవై డెబ్భై గ్రాములకి మించదు, దాన్ని ఇంట్లో వదిలేసి మిగుల్చుకునేదేమిటి? ఈల చాలా బ్యాగులకి ఛాతీ పట్టీ బకిల్‌లోనే ఉంటుంది, చాలామంది గమనించరు. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదడం కొండల్లో ప్రమాద సంకేతం.

వెచ్చటి జాకెట్ విషయంలో మొన్నటిదాకా తేల్చుకోలేకపోయాను. ఈకలది తేలిక, పిడికిట్లో పడుతుంది, కానీ తడిస్తే ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది. సింథటిక్‌ది నా కాటా మీద 90 గ్రాములు ఎక్కువ తూగింది. వాన పడే చోటికి కాబట్టి ఆ 90 గ్రాములు మోస్తాను. కాటన్ మాత్రం ఒక్క గుడ్డ కూడా వద్దు, చెమట పీల్చుకుని ఆరనే ఆరదు.

సాక్సులు మూడు జతలు. ఒకటి కాళ్ళకి, ఒకటి బ్యాగు వెనక పిన్నులతో వేలాడుతూ ఆరడానికి, మూడోది రాత్రికి. ఆ మూడో జతని ఏం జరిగినా పగలు బ్యాగులోంచి తియ్యకూడదు, రోజంతా తడిలో నానిన పాదాలకి రాత్రి ఆ పొడి సాక్సుల్లో దొరికే సుఖం ముందు ఏదీ పనికిరాదు. బొబ్బలకి వెడల్పాటి టేపు కొంచెం, రోలు మొత్తం కాదు, లైటరుకి చుట్టి పెట్టాను. ఒరుసుకునే చోట్లకి వ్యాజలిన్ చిన్న డబ్బాలో.

సర్దే పద్ధతి కూడా ముఖ్యమే. బరువైనవి పైన, వీపుకి ఆనుకుని, రెండు భుజాల మధ్యకి వచ్చేలా పెడితే ఊగడం తగ్గుతుంది. నీళ్ళు అర లీటరు చొప్పున రెండు మెత్తటి సీసాల్లో ముందు జేబుల్లో, అప్పుడు వెనక బరువుకి ముందు బరువు సరిపోతుంది. బట్టలు ప్లాస్టిక్ సంచిలో కట్టాకే లోపలికి, బ్యాగు మీద వాటర్‌ప్రూఫ్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసున్నా సరే. అన్నీ పెట్టాక బ్యాగు తగిలించుకుని మెట్ల మీద నాలుగుసార్లు దిగి చూస్తాను, ఏది గలగలమంటోందో అప్పుడే తెలుస్తుంది. నిన్న గలగలమన్నది మాత్రల డబ్బా. కాస్త దూది కుక్కాను.

ఇప్పుడు కాటా 4 కిలోల 180 చూపిస్తోంది, నీళ్ళు, తిండి కాకుండా. నాలుగుకి దించుదామని పవర్‌బ్యాంక్ మూడుసార్లు తీసి మూడుసార్లు మళ్ళీ పెట్టాను. చలికి ఫోన్ బ్యాటరీ ఎలా పడిపోతుందో తెలుసు, మ్యాపు అందులోనే ఉంది, కాబట్టి అది ఉంటుంది. పోయేది ఆ రెండో టీషర్టే. కంపు కొడితే కొట్టనీ, హట్‌లో అందరిదీ అదే వాసన.