అమ్మ చేతికి స్టీలు బిళ్ల: నా అనుభవం

అమ్మకు సీఓపీడీ, అంటే ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఊపిరితిత్తులు. పోయిన చలికాలం ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం మీద పెద్దావిడకు వెంటిలేటర్ పెట్టడం చూసింది. ఇంటికొచ్చాక నన్నూ తమ్ముడినీ కూర్చోబెట్టి, "మాస్కు పెట్టండి, సూదులు వెయ్యండి. ఇంక బాగవనని తేలాక గొంతులో గొట్టం మాత్రం వద్దర్రా" అంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆయాసం ముదిరితే బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రికి వెళ్లొచ్చు, సరిహద్దు దాటి శ్రీకాకుళానికో విశాఖకో పరుగెత్తొచ్చు. అక్కడ ఏ డాక్టరు చూస్తారో తెలీదు. అందుకే అమ్మ మాట అమ్మ ఒంటిమీదే ఉండాలనుకున్నాం. అమెరికాలో 1956 నుంచీ మెడిక్‌అలర్ట్ సంస్థ జబ్బు వివరాలు చెక్కి, చేతికి కట్టుకునే బిళ్లలు ఇస్తోంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో డాక్టరు సంతకం చేసిన ఆదేశం ఉంటే, 'గుండె ఆగితే మళ్లీ ఆడించొద్దు' అన్న బిళ్లను అంబులెన్స్ వాళ్లు కూడా పాటిస్తారు. మన దగ్గర బలమంతా కాగితానిదే: ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టే 'ముందస్తు వైద్య నిర్దేశం'.

ఆ కాగితాన్ని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఒప్పుకుంది. మొదట్లో మేజిస్ట్రేటు సంతకం కూడా కావాలన్నారు. 2023 జనవరిలో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలన్నారు. మా పేర్లు రెండూ అమ్మ తరఫున మాట్లాడేవాళ్లుగా రాయించాం. ప్రతి ఇవ్వబోతే ఒక ఆఫీసులో ఇలాంటిదెప్పుడూ చూడలేదంటూ వెనక్కి పంపబోయారు. తీర్పు ప్రతి ముందుపెట్టి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నాం.

నిజమైన పని రాతలో ఉంది. "కృత్రిమ చికిత్సలు వద్దు" అని రాసేస్తే ఆక్సిజన్ కూడా ఆపేస్తారేమోనని అమ్మ భయం. ఆ భయం న్యాయమైనదే. అందుకని ఏవి కావాలో ముందు రాశాం: ఆక్సిజన్, మాస్కు, యాంటీబయాటిక్స్, ఆయాసం, నొప్పి తగ్గించే మందులు. తర్వాతే వద్దన్నవి. అమ్మ నోటి మాటనే తెలుగులో ఉంచి, పక్కన ఇంగ్లీషు పెట్టాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో వాడుకమాటకు ఆ మాత్రం చోటుండాలి.

ఇంక బిళ్ల. వెండిది చేయిద్దామంది అమ్మ. కానీ ఐసీయూలోకి తీసుకెళ్లేటప్పుడు ముందు గాజులు, గొలుసులు తీసి బంధువుల చేతిలో పెడతారు కదా, వెండిదైతే అదీ వచ్చేస్తుంది. అందుకని స్టీలే చెక్కించాం, ఇంగ్లీషులో. పేరు, సీఓపీడీ, రక్తంలో ఆక్సిజన్ 88–92 శాతం ఉండాలని, 'ముందస్తు వైద్య నిర్దేశం ఉంది, ఫోన్ చేయండి', మా ఇద్దరి నంబర్లు. ఈ జబ్బులో ఆక్సిజన్ మితిమీరితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగే ప్రమాదం ఉంది. 108 వాళ్లకు మొదటి క్షణంలో పనికొచ్చేది ఆ అంకే. 'చికిత్స వద్దు' అనే మాట బిళ్ల మీద లేకుండా చూశాను. మెతుకు గొంతుకు అడ్డం పడి సొమ్మసిల్లినా, ఆ రాత చూసి చేతులు ముడుచుకుంటే?

కాగితం కూడా వెంటనే అమల్లోకి రాదు. బాగయ్యే ఆశ లేక, అమ్మ తనంతట తాను చెప్పలేని స్థితి వచ్చినప్పుడే. అప్పుడు కూడా చూస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు కలిసి తేల్చాలి. ఆపైన రెండో బోర్డు ఒప్పుకోవాలి. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో చెప్పాలని కోర్టు అంది.

ప్రతులు డాక్టరు దగ్గర, తమ్ముడి దగ్గర, అమ్మ మందుల సంచిలో ఉన్నాయి. కాగితాన్ని ఎప్పుడైనా రాతపూర్వకంగా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. చివరి రోజుల్లో ఇంటికే తీసుకురావాలన్న మాట కూడా చేర్చమంది అమ్మ. వచ్చే వారం మళ్లీ నోటరీ దగ్గరకు వెళ్తున్నాం.