హౌసింగ్ ఓ-రింగ్ కోసం నేను పడిన పాట్లు

దొరికింది! కెమెరాను నీళ్ళలోకి తీసుకెళ్ళే పెట్టెను హౌసింగ్ అంటారు, దాని తలుపు సందులోంచి నీళ్ళు రాకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగే ఓ-రింగ్. బయట షాపులో కొన్న రింగు నా హౌసింగ్‌కి వేసి, రుషికొండ నుంచి బోటులో వెళ్ళి, కెమెరాతో డైవ్ చేసి వచ్చాను. హౌసింగ్ లోపల చెమ్మ కూడా లేదు. నేను వేసిన రింగు ధర ఒక ప్లేటు బిర్యానీ కంటే తక్కువ. దీనికోసం నన్ను ఎంత తిప్పారో, ఎన్నెన్ని మాటలన్నారో మనసులో పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను. సీల్ దొరకలేదని మంచి హౌసింగులను అటకెక్కించినవాళ్ళు విశాఖలోనే నాకు చాలామంది తెలుసు. అండమాన్ వెళ్ళొచ్చే డైవర్లలో అయితే ఇంకా ఎక్కువమంది ఉన్నారు.

నాది చిన్న కంపాక్ట్ కెమెరాకు సరిపోయే పాలికార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) హౌసింగ్. ఆ కెమెరా తయారీ ఎప్పుడో ఆపేశారు కానీ నా దగ్గరున్నది ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. హౌసింగ్ వెనక తలుపు చుట్టూ ఒక గాడి, ఆ గాడిలో ఒక ఓ-రింగ్ ఉంటాయి. మొత్తం పెట్టెకు ప్రాణం ఆ రింగే. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకూ దాదాపు ఒక వాతావరణ పీడనం, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో, పెరుగుతుంది. నా హౌసింగ్ తలుపు సుమారు 12 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు. అంటే 20 మీటర్ల లోతులో దాని మీద దగ్గరదగ్గర 200 కిలోల బరువు పడుతుంది. చాలామంది అక్కడే లీకవుతుందని భయపడతారు. నిజానికి ఆ బరువే తలుపును రింగు మీదకు అదిమిపెడుతుంది, నీటి ఒత్తిడి రింగును గాడి గోడకు నెట్టి సందు మూసేస్తుంది. రింగు పాడైతే ఎక్కువసార్లు నీళ్ళు లోపలికి వచ్చేది పైన మొదటి మీటరులోనే, తలుపును క్లిప్పు ఒక్కటే పట్టుకుని ఉన్నప్పుడు. నా పాత రింగు ఒకవైపు చదునైపోయింది. వేలితో నొక్కితే తిరిగి గుండ్రంగా లేవడం లేదు. దాన్ని నమ్మి కెమెరా నీళ్ళలో పెట్టలేను.

ఆన్‌లైన్‌లో వెతికాను. కంపెనీ ప్యాకెట్ మన దేశంలో ఎక్కడా లేదు. బయటి దేశాల్లో ఉంది కానీ కొరియర్, కస్టమ్స్ కలిపితే రింగు ధరకు ఎన్నో రెట్లవుతుంది. పేరూ ఊరూ లేని చవక రింగుల్లో ఏ రబ్బరో, ఎంత మందమో రాయలేదు. అవి వదిలేశాను.

ఏదో పనిమీద హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆ కంపెనీ అధికారిక సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

టోకెన్ తీసుకుని నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. కౌంటర్‌లో కుర్రాడు హౌసింగ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటి మేడమ్, కెమెరా తేకుండా డబ్బా తెచ్చారు?" అన్నాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. ఇది మీ కంపెనీ హౌసింగే, దీనికి ఓ-రింగ్ కావాలి అని చెప్పాను. "సార్ వాడతారా?" అన్నాడు. నేనే వాడతానన్నాను. "సార్‌ని ఒకసారి లైన్లోకి తీసుకోండి మేడమ్, టెక్నికల్ విషయం కదా" అన్నాడు. డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉన్నదాన్ని నేను. 30 మీటర్ల దాకా దిగడానికి అర్హత ఉన్నదాన్ని. మా బృందంలో ఎవరి హౌసింగ్‌కి గ్రీజు పెట్టాలన్నా ముందు నా చేతికే ఇస్తారు. ఆ హాల్లో అంతమంది ముందు నా వస్తువు గురించి మాట్లాడడానికి మా ఆయనకు ఫోన్ కలపమన్నారు. కలపలేదు. ఎందుకు కలపాలి?

తర్వాత ఒక ఫారం ఇచ్చి, ఇన్‌స్పెక్షన్ ఛార్జీ కడితేనే లోపలికి పంపుతామన్నారు. రింగు ఉందో లేదో కంప్యూటర్లో చూసి చెప్పడానికి ఇన్‌స్పెక్షన్ ఎందుకని అడిగాను. "ప్రొసీజర్ మేడమ్" అన్నాడు. కట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది, ఎవరూ పిలవలేదు. లేచి అద్దాల గది దగ్గరికి వెళ్ళి చూస్తే, లోపల టెక్నీషియన్ చిన్న స్క్రూడ్రైవర్ మొన పెట్టి నా రింగును గాడిలోంచి పెకలిస్తున్నాడు. తలుపు తోసుకుని వెళ్ళి ఆపమని గట్టిగా అరిచాను. రింగు పోతే ఇంకోటి కొనుక్కుంటాం. గాడిలో ఇనుప మొనతో గీత పడితే ఏ రింగు వేసినా ఆ గీతలోంచి నీళ్ళు వస్తాయి, గాడిని ఎవరూ మార్చి ఇవ్వలేరు. రింగును రెండు వేళ్ళతో రెండు వైపుల నుంచి దగ్గరకు నెడితే మధ్యలో పైకి లేస్తుంది, అక్కడ పట్టుకుని తీయాలి. రాకపోతే పాత ప్లాస్టిక్ కార్డు మూల వాడాలి. అదే అతనికి చెప్పాను. "మాకు ట్రైనింగ్ ఉంది మేడమ్" అన్నాడు.

మేనేజర్ వచ్చాడు. నేను తెలుగులో మాట్లాడుతుంటే ఇంగ్లీషులో గొంతు తగ్గించమన్నాడు. చివరికి ఒక కాగితం చేతిలో పెట్టారు. ఈ మోడల్ భాగాలు అందుబాటులో లేవు, బాగుచేయడం లాభసాటి కాదు అని దాని సారాంశం. కాగితంతో పాటు కొత్త కెమెరా ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ కరపత్రం. సరే, రింగు మీ దగ్గర లేదు, దాని కొలత అయినా చెప్పండి, బయట వెతుక్కుంటాను అని బతిమాలాను. అవును, బతిమాలాను. "అది కంపెనీ కాన్ఫిడెన్షియల్" అన్నాడు మేనేజర్. మెట్లు దిగుతుంటే చేతులు వణికాయి.

రబ్బరు రింగు కొలతలో దాచడానికి ఏముంది? డెన్మార్క్‌లో పుట్టి అమెరికా వెళ్ళిన నీల్స్ క్రిస్టెన్‌సన్ అనే పెద్దాయన ఓ-రింగ్‌కు 1937లో పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు, 1939లో వచ్చింది. ఆ పేటెంట్ గడువు తీరిపోయి ఎన్నో దశాబ్దాలైంది. ఇవాళ విమానం నుంచి వంటింటి కుళాయి దాకా అన్నిట్లో ఓ-రింగ్ ఉంది, కొలతల పట్టికలు అందరికీ తెలిసినవే. నికాన్ వాళ్ళ నికోనోస్-5 నీటి కెమెరా 1984లో వచ్చి 2001లో ఆగిపోయింది. దాన్ని రింగులు మార్చుకుంటూ ఇప్పటికీ వాడేవాళ్ళున్నారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో మొబైళ్ళు, ఎలక్ట్రానిక్స్ ఒక విభాగం. వస్తువు కొన్నవాడికి దాన్ని బాగుచేసుకునే హక్కు ఉండాలి. కొలత చెప్పకపోవడం ఆ హక్కును లాక్కోవడమే. చిన్న రింగు కోసం మంచి కెమెరాను చెత్తలో వేయించే వ్యాపారం నాకు పాపంలా కనిపిస్తుంది.

దారి చూపించింది విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసే మేస్త్రి. "రింగుకి కంపెనీ ఏటమ్మా? కొలతుంటే సాలు" అన్నాడు. గాజువాక ఆటోనగర్ వెళ్ళమన్నాడు. అక్కడ లారీలకు, పొక్లెయిన్లకు హైడ్రాలిక్ సీల్స్ అమ్మే షాపులుంటాయి. ఒక షాపులో కుర్రాడు రబ్బరు తాడు కోసి రెండు చివరలూ జిగురుతో అంటించి ఇస్తానన్నాడు. దయచేసి అలాంటిది కెమెరాకు వేయకండి, అతుకు దగ్గర నీళ్ళు వస్తాయి. అచ్చులో పోసిన అతుకులేని రింగే కావాలి.

ఇంకో షాపు పెద్దాయన "ఏ బండికమ్మా?" అని అడిగారు. బండికి కాదు బాబాయ్, నీళ్ళలో తీసే కెమెరాకి అన్నాను. నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని, మిల్లీమీటరులో చిన్న భాగాలు కూడా కొలిచే వెర్నియర్ తీసి, హౌసింగ్ ఇలా ఇమ్మన్నారు. ఆ ఒక్క పనికి ఆయనకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఆయన కొలిచిన పద్ధతి చెబుతాను, ఇదే అసలు విషయం. నా హౌసింగ్ గాడి గుండ్రంగా ఉండదు, మూలలు తిరిగిన దీర్ఘచతురస్రం. కానీ అందులో కూర్చునేది మామూలు గుండ్రటి రింగే, కాబట్టి చుట్టుకొలత తెలియాలి. ఇక వాడబోని పాత రింగును ఒకచోట కోసి, స్టీలు స్కేలు పక్కన సాగదీయకుండా పరిచారు. 402 మిల్లీమీటర్లు వచ్చింది. దాన్ని 3.1416తో భాగిస్తే 128, అందులోంచి రింగు మందం 3 తీసేస్తే లోపలి వ్యాసం 125. మందం మాత్రం పాత రింగు మీద కొలిచి ఊరుకోకూడదన్నారు. అది నలిగి ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా ఉంది. వెర్నియర్ తోక గాడిలోకి దించి లోతు చూశారు, 2.4 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్ల రింగు ఆ గాడిలో 0.6 మేర నలుగుతుంది, అంటే 20 శాతం. ఇలా మూతకింద నలిగే రింగుకు అది సరైన లెక్క.

ఇక్కడ ఒక జాగ్రత్త. అమెరికా లెక్క రింగులు 1.78, 2.62, 3.53 మిల్లీమీటర్ల మందాల్లో వస్తాయి. మెట్రిక్ రింగులు 2, 2.5, 3 ఇలా ఉంటాయి. షాపుల్లో రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిసిపోతుంటాయి, కంటితో చూస్తే 3కీ 3.53కీ తేడా తెలియదు. 3.53 రింగును నా గాడిలో పెడితే 32 శాతం నలగాలి. క్లిప్పును బలవంతంగా నొక్కితే పడుతుందేమో కానీ, పాలికార్బనేట్ కీలు దగ్గర పగిలే ప్రమాదం ఉంది. కొనేముందు ప్రతి రింగునూ వెర్నియర్‌తో కొలిపించండి, మొహమాటపడకండి.

ఆయన దగ్గర వెంటనే దొరికింది నల్ల నైట్రైల్ రింగు, గట్టిదనం 70 షోర్ (రబ్బరు గట్టిదనాన్ని చెప్పే కొలమానం). గట్టి రబ్బరు, సులువుగా చిరగదు, ఉప్పునీళ్ళకు తట్టుకుంటుంది, ఎండలో వదిలేస్తే మాత్రం పగుళ్ళిస్తుంది. వేసి చూస్తే క్లిప్పు పడడానికి నా బొటనవేలు నొప్పి పుట్టింది. పాతది మెత్తటి సిలికాన్. అదే కొలతలో సిలికాన్ రింగులు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించి ఇచ్చారు. అవి నిజంగా సిలికానేనా అని అక్కడే తేల్చుకున్నాం. ఒక రింగు ముక్క కోసి షాపు బయట అగ్గిపుల్లతో కాల్చాం. తెల్ల బూడిద మిగిలితే సిలికాన్. నైట్రైల్ అయితే నల్లటి పొగ, నల్లటి మసి. తెల్ల బూడిదే వచ్చింది.

గ్రీజు విషయంలో చాలామంది మునుగుతున్నారు. మార్కెట్లో దొరికే సిలికాన్ గ్రీజు నల్ల నైట్రైల్ రింగుకు మంచిది. దాన్నే సిలికాన్ రింగుకు పూస్తే రింగు ఉబ్బి, సాగి, గాడిలో ఇమడదు. సిలికాన్ రింగుకు దానికి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్న గ్రీజే వాడాలి. అదీ రింగు మెరిసేంత మాత్రమే. నీళ్ళను ఆపేది గ్రీజు కాదు, రింగు. ఎక్కువ పూస్తే ఇసుకా వెంట్రుకా అంటుకుంటాయి. ఒక్క వెంట్రుక చాలు, నీళ్ళు దారి చేసుకుంటాయి.

బటన్ల లోపల చిన్న రింగులు కూడా మార్చాను. లోపలి వ్యాసం 2.9, మందం 1.78, అమెరికా పట్టికలో 006 నంబరు. బటన్‌ను పట్టి ఉంచే చిన్న క్లిప్పు ఊడదీసేటప్పుడు హౌసింగ్‌ని పారదర్శకమైన కవర్లో పెట్టుకోండి, ఆ క్లిప్పు ఎగిరిపోతే దొరకదు.

పరీక్ష లేకుండా కెమెరా పెట్టొద్దు. ఖాళీ హౌసింగ్‌లో పొడి టిష్యూ కాగితం, డైవింగ్ సీసపు బరువు వేసి ముందు బకెట్లో ముంచి ఒక రాత్రంతా ఉంచాను. తర్వాత అలాగే ఖాళీగా నడుముకు కట్టుకుని 18 మీటర్లు దిగి వచ్చాను. బకెట్ పరీక్ష తక్కువ ఒత్తిడిలో క్లిప్పు పట్టు చూడడానికి, డైవ్ పరీక్ష ఎక్కువ ఒత్తిడికి. రెండూ అవసరమే. రెండుసార్లూ టిష్యూ పొడిగానే ఉంది.

మిగిలిన రింగుల కవర్ల మీద 125 × 3 సిలికాన్ అని మార్కర్‌తో రాసి, రెండింటిని మా బోటువాళ్ళకు ఇచ్చాను. అదే మోడల్ హౌసింగ్ వాళ్ళలో ఇద్దరి దగ్గర ఉంది. ఇన్‌స్పెక్షన్ ఛార్జీ వాపసు కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు రాసుకున్నారు, నంబరు కూడా పంపారు. సర్వీస్ సెంటర్ నుంచి జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.