నాన్నమ్మ పక్కన కూర్చుని నెమో చూడాలంటే

వేసవి సెలవులకి విదేశం నుంచి పిల్లల్ని శ్రీకాకుళం తీసుకెళ్ళేవాళ్ళకి మొదటి వారం ఒక ఇబ్బంది తప్పదు. నాన్నమ్మ మాట మనవరాలికి సగమే తెలుస్తుంది, మనవరాలి మాట నాన్నమ్మకి అసలు అందదు. ఆ వారంలో ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టడానికి మంచి కంప్యూటర్ యానిమేషన్ సినిమా బాగా పనికొస్తుంది. అలాగని ఏదో ఒకటి పెట్టేస్తే కుదరదు.

ఈ సినిమాల్లో పడిపోవడాలు, గుద్దుకోవడాలు, గుడ్లు తేలెయ్యడాలు ఆరేళ్ళ పిల్లకీ ఇంగ్లీషు రాని నాన్నమ్మకీ ఒకేసారి నవ్వు తెప్పిస్తాయి. పిల్లల్ని పెంచి నలిగినవాళ్ళకే తగిలే నవ్వు మరొకటుంటుంది, అది నాన్నమ్మకి మనకంటే బాగా తగులుతుంది. ఎటొచ్చీ మాటల చమత్కారమే గల్లంతవుతుంది. పోనివ్వండి. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క కొట్టుకుంటుంటే పిల్లలు ఒకందుకు, పెద్దలు ఇంకొకందుకు నవ్వేవారు. ఎవరి నవ్వు ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఈ లెక్కన చూస్తే 2003లో పిక్సార్ తీసిన 'ఫైండింగ్ నెమో' మన అవసరానికి సరిగ్గా సరిపోతుంది. నిడివి 100 నిమిషాలు. గారాబంగా పెరిగిన నెమో అనే పిల్లచేపని డైవర్ పట్టుకుపోతాడు, అది సిడ్నీలో ఒక పళ్ళ డాక్టరు గాజుతొట్టెలో తేలుతుంది, తండ్రి సముద్రమంతా వెతుక్కుంటూ వెళ్తాడు. సముద్రం దాటిపోయిన పిల్లాడు, వెనక బెంగపడే తండ్రి: ఈ కథ శ్రీకాకుళంలో ఏ ముసలాయనకైనా ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది. తోడొచ్చిన డోరీ అనే చేప చెప్పింది చెప్పినట్టే మర్చిపోతుంటే పిల్లలు పడీపడీ నవ్వుతారు. అదే చోట నాన్నమ్మ నవ్వకపోతే కంగారుపడకండి. మతిమరుపు ఆ వయసులో వేళాకోళం కాకపోవచ్చు.

మొదటి అయిదు నిమిషాలే గండం. పెద్ద చేప మీద పడి తల్లినీ గుడ్లనీ పొట్టన పెట్టుకుంటుంది, ఒక్క గుడ్డు మిగులుతుంది. అయిదేళ్ళలోపు పిల్ల ఉంటే ఆ ముక్క దాటించి, నెమో బడికి వెళ్ళే రోజు దగ్గర మొదలుపెట్టండి. పెద్దవాళ్ళు మాత్రం ఆ ముక్క చూడాలి, లేకపోతే తండ్రి భయం వాళ్ళకి ఉత్త చాదస్తంలా కనిపిస్తుంది. పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు వాళ్ళకి విడిగా చూపించెయ్యొచ్చు.

తెలుగు ఆడియో ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. ఒకే యాప్‌లో కూడా దేశాన్ని బట్టి భాషలు మారిపోతాయి. డౌన్‌లోడ్ చేసుకుంటే ఫోన్‌ని విమానం మోడ్‌లో పెట్టి రెండు నిమిషాలు నడిపి చూడండి, కావలసిన భాష దిగిందో లేదో అప్పుడే తేలిపోతుంది. లాప్‌టాప్ చార్జర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, ప్లగ్ అడాప్టర్ చాలు. లాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపాక బొమ్మ టీవీలో వచ్చి శబ్దం లాప్‌టాప్‌లోనే ఉండిపోతే సౌండ్ సెట్టింగులో అవుట్‌పుట్‌ని టీవీకి మార్చాలి.

మాటలు వినబడక, సంగీతం మాత్రం హోరెత్తితే టీవీ పాడైందనుకోవద్దు. సినిమా శబ్దం అయిదారు స్పీకర్లకి పంచి కలుపుతారు, మాటలు ఎక్కువగా నడిమి స్పీకరుకి వెళ్తాయి. రెండే స్పీకర్లున్న టీవీలో ఆ మాటలు అణిగిపోతాయి. ఆడియోలో 5.1 (అయిదారు స్పీకర్లకి కలిపినది) బదులు స్టీరియో (రెండు స్పీకర్లకి కలిపినది) ఎంచుకోండి, టీవీలో మాటలు పెంచే మోడ్ ఉంటే అది పెట్టండి. సీలింగ్ ఫ్యాన్ చప్పుడు దీనికి తోడవుతుంది, ఒక మెట్టు తగ్గిస్తే మేలు. కరెంటు పోయే ఊరైతే లాప్‌టాప్ చార్జింగ్ నింపుకునే కూర్చోండి.

చూస్తున్నంతసేపూ అనువాదం చెయ్యకండి. "ఏటమ్మా, ఆ గుంటడేటి అలగెళ్ళిపోతన్నాడు?" అని నాన్నమ్మ అడిగితే సినిమా ఆపి, జవాబు పిల్లనే చెప్పనివ్వండి. "వాళ్ళ నాన్న మీద కోపం, నాన్నమ్మా" అన్నంత వస్తే చాలు. వ్యాకరణం దిద్దారంటే మళ్ళీ నోరు విప్పదు. ఇలా నాలుగైదు చోట్ల ఆపొచ్చు, అంతకు మించితే కథ చెడుతుంది.

అసలు చిక్కు చివర్లో వస్తుంది. వలలో పడ్డ చేపలన్నీ కలిసి కిందికి ఈది తప్పించుకుంటాయి, పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ రాత్రే చేపల పులుసు వడ్డిస్తే విస్తరి ముందు ఏడుపు ఖాయం. "అది బొమ్మ, ఇది కూర" అని కొట్టిపారేస్తే పని జరగదు; పిల్లకి వల అంటే విలన్‌లాగే మిగిలిపోతుంది. పులుసు రెండు రోజులు వాయిదా వేసి, మధ్యలో కళింగపట్నం సముద్రపొడ్డుకి తీసుకెళ్ళండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మోటారు బోట్లకి వేట నిషేధం. సెలవులివ్వగానే జూన్ మొదట్లో దిగినవాళ్ళకి బోట్లు ఒడ్డునే కనిపిస్తాయి. వల బాగుచేసుకుంటున్నవాళ్ళు ఉంటే పిల్లనే అడగమనండి, వేటకి ఎప్పుడు వెళ్తారో, ఏ చేపకి ఎంత కన్ను (సందు) ఉన్న వల వాడతారో. మీరు దుబాసీగా ఉంటే చాలు.

సినిమాలో ప్రవాహం మీద స్వారీ చేసే తాబేళ్ళని చూసి, ఇక్కడా కనిపిస్తాయా అని పిల్లలు అడుగుతారు. ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, కానీ అది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. గుడ్డు పిల్ల కావడానికి దాదాపు 50 రోజులు. జూన్‌లో వెళ్ళేవాళ్ళకి దొరకడం కష్టం, ఆ మాట ముందే చెప్పి తీసుకెళ్ళండి.