జైల్లో మానేసిన మత్తు గేటు దాటాక ఎందుకు చంపుతుంది

మా జబ్బు హెరాయిన్. జైల్లో దొరక్క మానేస్తే ఇంట్లోవాళ్ళు బాగైపోయామనుకుంటారు. బాగవడం అది కాదు.

చివరి డోసు పడ్డ 8 నుంచి 12 గంటలకే ఆవలింతలు, ముక్కూ కళ్ళూ కారడం మొదలవుతాయి. ఒళ్ళు గగుర్పొడుస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, కాళ్ళు లాగేస్తాయి. రెండో మూడో రోజు మహా ఉధృతం, వారానికి నెమ్మదిస్తుంది. తగ్గేది ఒంటి బాధే, యావ తగ్గదు. పైగా పాత డోసును తట్టుకునే శక్తి పోతుంది. విడుదలై అదే డోసు తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో లెక్క తీస్తే, విడుదలైన తొలి రెండు వారాల్లో ఓవర్‌డోస్ చావు ముప్పు మామూలు జనం కంటే 129 రెట్లు.

మాకు పనిచేసే మందుల్లో ఒకటి బుప్రెనార్ఫిన్, నాలుక కింద పెట్టే మాత్ర. మొదటి డోసుకు తొందరపడకూడదు. హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉంటే ఈ మందు దాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. దీని బలం తక్కువ కాబట్టి విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆగినప్పటి ఆ బాధంతా, ఒక్కసారిగా మీద పడుతుంది. "నాకీ మందు పడదు" అని చాలామంది వదిలేసేది ఇక్కడే. లక్షణాలు స్పష్టంగా కనబడ్డాక డాక్టర్లు 2 లేదా 4 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మెల్లగా 8 నుంచి 16 దాకా తీసుకెళ్తారు. నోరు తడుపుకుని, కరిగేదాకా 5, 10 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. మింగితే చాలా భాగం కాలేయంలోనే ఖర్చయిపోతుంది.

తర్వాత నోరు తెరిచి, నాలుకెత్తి జైలు సిబ్బందికి చూపించాలి. అవమానంగానే ఉంటుంది. కానీ ఒక్కడు మాత్ర దాచి అమ్మినట్టు బయటపడితే అందరికీ ఆపేసే ప్రమాదముంది.

అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలో పక్కపక్కనే ఉన్న రెండు కౌంటీ (జిల్లాలాంటిది) జైళ్ళలో ఫ్రాంక్లిన్ ఈ మందు ఇచ్చింది, హాంప్‌షైర్ ఇవ్వలేదు. 2015 నుంచి 2019 దాకా విడుదలైన 469 మందిని చూస్తే, మళ్ళీ నేరం కేసుల్లోనో ప్రొబేషన్ (షరతుల మీద బయట ఉండనివ్వడం) ఉల్లంఘనలోనో చిక్కుకున్నవాళ్ళు ఫ్రాంక్లిన్‌లో 48 శాతం, హాంప్‌షైర్‌లో 63 శాతం. తెల్లారేసరికి డోసుకు డబ్బు వెతుక్కోవాల్సిన అవసరం పోతే దొంగతనాలూ తగ్గుతాయి కదా!

తెలంగాణలో కథ వేరు. అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్లు అలవాటైనవాళ్ళకు జైల్లో ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు. వాళ్ళకు బుప్రెనార్ఫిన్ కాదు, వేరే మందు కావాలి.

బెయిలు ఎప్పుడొస్తుందో విచారణ ఖైదీకి తెలియదు. శుక్రవారం సాయంత్రం గేటు తెరుచుకుంటే సోమవారం దాకా క్లినిక్ ఉండకపోవచ్చు. అందుకే చేరిన తొలివారంలోనే బయటి క్లినిక్‌లో పేరు రాయించాలి. ఆ మూడు రోజుల మాత్రలు, ఓవర్‌డోస్ అయితే ఊపిరి నిలిపే నాలాక్సోన్ మందు ఒకటి విడుదల కాగితంతో పాటే చేతిలో పెట్టాలి.