ఒక్కో మేకూ ఒక్కో మాట

నిన్న న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియంలో కాంగో ప్రజలు మంగాకా అనే శక్తికి రూపంగా చేసుకున్న బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయాను. 19వ శతాబ్దం నాటిది. దాదాపు నాలుగడుగుల చెక్క మనిషి, నడుం మీద చేతులు, ఒళ్లంతా తుప్పు పట్టిన ఇనుప మేకులు, రేకు ముక్కలు.

చూడగానే ఎవర్నో హింసించినట్టు అనిపించి మనసు చివుక్కుమంది. కానీ ఆ మేకులు ఒట్లు, ఒప్పందాలు, తీరిన తగాదాలు. ఎన్‌గాంగా అనే పూజారి సమక్షంలో మాట ఇచ్చి మేకు దిగ్గొట్టేవాళ్లు. మాట తప్పితే ఆ శక్తి వెంటాడుతుందని నమ్మకం. మన వైపు గుళ్లల్లో ప్రమాణం చేయించడం గుర్తొచ్చింది.

బొమ్మ చెక్కేది శిల్పి. పొట్టలో మందులు పెట్టి శక్తి నింపేది మాత్రం ఎన్‌గాంగా. ఇలాంటి బొమ్మలు యూరప్ వాళ్ల చేతికి వెళ్లేముందే ఆ మందులు తీసేసేవాళ్లట. ఖాళీ అయిన ఆ పొట్ట దగ్గరే నా చూపు ఆగిపోయింది.